మా బావ మీద మూడు బీమాలు: ఎవరు ఎలా ఇచ్చారు

రేటింగులు ముందే ఇచ్చేస్తాను, తొందరలో ఉన్నవాళ్లకు అవి చాలు. రైతుబీమాకు ఐదులో నాలుగున్నర. ఎల్ఐసీకి నాలుగు. బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికోసారి 436 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు పథకంగా చూస్తే ఐదు. దాన్ని మాకు ఇప్పించాల్సిన బ్యాంకు బ్రాంచికి ఒకటి. ఆ ఒకటి కూడా అక్కడి అటెండర్‌కు.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా పెద్దక్క భర్త, అంటే మా బావ, 2025 ఫిబ్రవరిలో గుండెపోటుతో చనిపోయాడు. నలభై ఎనిమిదేళ్లు. రెండెకరాల చిల్లర సొంత పొలం, దానికి తోడు ఇంకో మూడెకరాలు కౌలు. యాసంగి నాట్లు అప్పుడే అయిపోయాయి. కూతురు బీఫార్మసీ, కొడుకు ఇంటర్. దినాలు అయిపోయాక కాగితాల పని నా మీద పడింది. ఆ ఇంట్లో ఇంగ్లీషు ఫారం నింపడానికి, ఆఫీసులో గట్టిగా అడగడానికి తీరిక ఉన్నది నాకే. మూడు బీమాలూ ఒకే మనిషి మీద, ఒకే కుటుంబానికి. ఇచ్చిన తీరు మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. అందుకే మూడూ ఒకచోట పెట్టి రాస్తున్నా.

అన్నిటికంటే ముందు కావలసింది డెత్ సర్టిఫికెట్. ఊళ్లో ఇంట్లో చనిపోతే పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయించాలి. టౌన్‌లో ఆస్పత్రిలో చనిపోతే ఆ టౌన్ మున్సిపాలిటీలో. మనిషి ఏ ఊరివాడన్నది లెక్కలోకి రాదు, చావు ఎక్కడ జరిగిందన్నదే చూస్తారు. 21 రోజుల్లోపు నమోదైతే ఖర్చేమీ లేదు. ఆ తర్వాత లేట్ ఫీజు, నెల దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డరు దాకా పోతుంది. బావను చేర్చిన ప్రైవేటు ఆస్పత్రివాళ్లు వివరాలు వాళ్లే మున్సిపాలిటీకి పంపారు. అక్కడిదాకా బాగానే ఉంది. పేరు మాత్రం ఆ రాత్రి రిసెప్షన్‌లో కంగారులో ఎవరో నోటితో చెప్పింది రాసుకున్నారు.

ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంది. ఎల్ఐసీ బాండులో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం. పట్టాదారు పాస్‌బుక్‌లో ఇంటిపేరు వెనక్కి పోయింది. డెత్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరే లేదు, అసలు పేరులో కూడా ఒక అక్షరం ఎగిరిపోయింది. కాగితాలు చూస్తే నలుగురు మనుషులు.

ఇలాంటప్పుడు రెండు దారులుంటాయి. ఈ పేర్లన్నీ ఒక్క మనిషివే అని నోటరీ అఫిడవిట్ ఇచ్చి నెట్టుకురావడం ఒకటి, సర్టిఫికెట్‌నే సరిచేయించడం ఇంకొకటి. జిరాక్స్ షాపులవాళ్లు, డాక్యుమెంట్ రైటర్లు అందరూ మొదటిదే చెబుతారు, పని త్వరగా అవుతుంది కాబట్టి. నేను రెండోదే చేయించాను. అఫిడవిట్ ఒక ఆఫీసులో చెల్లుతుంది, పక్క ఆఫీసులో ‘ఇది కుదరదండీ’ అంటారు. ఆస్పత్రి నుంచి లెటర్ రాయించుకుని, ఆధార్ జోడించి, మీసేవలో దిద్దుబాటుకు దరఖాస్తు పెట్టాం. కొంత ఆలస్యమైంది. కానీ సర్టిఫికెట్‌లో పేరు ఆధార్‌తో అక్షరం అక్షరం కలిశాక మిగతా చోట్ల పొడి అక్షరాల గురించి ఎవరూ పట్టుబట్టలేదు. కాపీలు నాలుగైదు ఎక్కువే తీసుకోండి. మూడు బీమాలు, బ్యాంకు, పొలం పౌతి (వారసుల పేరు మీదకు మార్చడం), గ్యాస్ కనెక్షన్, ప్రతిచోటా ఒకటి అడుగుతారు.

ఇక రైతుబీమా. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టులో మొదలుపెట్టిన పథకం. పేరు మీద గుంట పట్టా భూమి ఉన్నా చాలు, వయసు 18 నుంచి 59 మధ్య ఉండాలి. ఐదు లక్షల బీమా. ప్రీమియం మొత్తం ప్రభుత్వమే ఎల్ఐసీకి కడుతుంది, రైతు కట్టేది ఏమీ లేదు. ఏ కారణంతో చనిపోయినా ఇస్తారు కాబట్టి పోస్టుమార్టం, ఎఫ్ఐఆర్ లాంటివి అడగరు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది ఏమిటంటే, మేం ఎవరి దగ్గరికీ పోలేదు. వ్యవసాయ విస్తరణ అధికారి, ఊళ్లో అందరూ ఏఈఓ మేడమ్ అంటారు, ఆమే ఇంటికి వచ్చారు. చిన్న వయసు, స్కూటీ మీద ఐదారు ఊళ్లు తిరుగుతారు. కబురు మేం పెట్టలేదు, ఎరువుల దుకాణం దగ్గర రైతులు చెప్పుకుంటుంటే విన్నారట. అరుగు మీద కూర్చుని ఫోన్‌లో బావ పాస్‌బుక్ నంబరు కొట్టి, నామినీగా అక్క పేరు, ఆమె ఆధార్ చివరి నాలుగు అంకెలు తెరిచి చూపించారు. ‘అక్కా, ఇవి మీ అంకెలేనా, ఒకసారి చూసి చెప్పండి’ అన్నారు. అక్క కార్డు తెచ్చి పక్కన పెట్టి ఒక్కో అంకె వేలితో చూసుకుంది. ఫారం మేడమే నింపారు. తీసుకున్న కాగితాలు ఇవే: డెత్ సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్ కార్డులు, అక్క బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ.

పాస్‌బుక్ దగ్గర ఆమె ఒక మాట అడిగారు. ‘బావగారి పంట రుణం ఏ బ్యాంకులో ఉంది?’ అని. అక్క ఇచ్చిన పాస్‌బుక్ అదే బ్రాంచిది. ‘ఇంకేదైనా ఖాతా ఉంటే అది ఇవ్వండక్కా, తర్వాత తలనొప్పి ఉండదు’ అన్నారు. మహిళా సంఘం పనుల కోసం అక్కకు వేరే బ్యాంకులో ఖాతా ఉంది. అదే ఇచ్చాం. ఆ మాట విలువ మాకు తర్వాత తెలిసింది, అది బ్యాంకు సంగతిలో చెబుతాను.

క్లెయిమ్ పది రోజుల్లో తేల్చాలన్నది ఈ పథకం పెట్టుకున్న లక్ష్యం. సర్టిఫికెట్ దిద్దుబాటు వల్ల మా వైపు నుంచే ఆలస్యమైంది, సరైన సర్టిఫికెట్ అప్‌లోడ్ అయ్యాక ఎక్కడా ఆగలేదు. ఐదు లక్షలు నేరుగా అక్క ఖాతాలో పడ్డాయి. మధ్యలో మండల ఆఫీసు దగ్గర ఒకాయన కలిసి, పైన తనకు తెలిసినవాళ్లు ఉన్నారని, పది వేలిస్తే వారంలో పడేలా చూస్తానని అన్నాడు. మేడమ్‌కు చెబితే, ‘ఆయన ప్రతి చావింటికీ వస్తాడు సార్, డబ్బులు వాటంతటవే పడ్డాక తనవల్లే పడ్డాయంటాడు’ అన్నారు. మీ ఊళ్లో కూడా అలాంటివాడు ఒకడు ఉంటాడు. రూపాయి ఇవ్వకండి.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, ఈ బీమా భూమికి ఉన్నట్టుంది కానీ సేద్యానికి లేదు. బావ దున్నిన ఐదెకరాల్లో మూడు కౌలువే. ఆ రెండెకరాల పట్టా లేకపోతే ఐదు లక్షల్లో పైసా రాదు. అదే వాడలో సెంటు భూమి లేకుండా కౌలుకు చేసే ఇళ్లు చాలా ఉన్నాయి, వాళ్ల పేర్లు ఈ జాబితాలోకే ఎక్కవు. తండ్రి పేరు మీదే భూమి ఉండి కొడుకు సేద్యం చేస్తున్న ఇళ్లదీ అదే పరిస్థితి. ఇంకొకటి, ఆధార్‌లో పుట్టిన తేదీ. అప్పట్లో అందాజుగా రాయించుకున్న వయసు 59 దాటితే, అసలు వయసు ఎంతైనా ఎవరూ వినరు.

ఎల్ఐసీ పాలసీ జీవన్ ఆనంద్. 2011లో తీసుకున్నాడు, రెండు లక్షలకు, ఆరు నెలలకోసారి కిస్తీ. మేలో ఒకటి, నవంబర్‌లో ఒకటి. బాండు కోసం బీరువా మొత్తం తీశాం, ధాన్యం రసీదుల కట్టలు, పెళ్లిపత్రికలు, కూతురు హాల్ టికెట్లు అన్నీ బయటపడ్డాయి కానీ బాండు లేదు. ఏజెంటు గారికి ఫోన్ చేస్తే, ‘బాండు ఇంట్లో ఎలా ఉంటుందయ్యా, దాని మీద మీ బావ లోన్ తీసుకున్నాడు, అది ఆఫీసులోనే ఉంది’ అన్నారు. కూతురు కాలేజీ ఫీజుకు అరవై వేలు తీసుకున్నాడట. అక్కకు కూడా తెలియదు. పాలసీ మీద లోన్ తీసుకుంటే బాండును ఎల్ఐసీ పేరు మీదకు రాయించుకుని వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు. అయితే దానివల్ల నామినేషన్ రద్దు కాదు, నామినీగా అక్క పేరు అలాగే ఉంది.

అంతకంటే పెద్ద టెన్షన్ ఇంకొకటి. నవంబర్ కిస్తీ కట్టలేదు. గ్రేస్ టైమ్ కూడా దాటిపోయింది. చావింటికి వచ్చినవాళ్లలో ముగ్గురు నలుగురు, పాపం మంచి మనసుతోనే, ‘ల్యాప్స్ అయిన పాలసీకి ఏం వస్తుంది’ అని తేల్చేశారు. ఇంకొకాయన, ‘బీపీ మాత్రలు వాడేవాడు కదా, దాచిపెట్టారని కొట్టేస్తారు’ అని ఇంకో బరువు వేసి వెళ్లారు. రెండూ తప్పే.

మొదటిది: ఎల్ఐసీలో క్లెయిమ్ కన్సెషన్ అని ఒక నిబంధన ఉంది. కనీసం మూడేళ్లు పూర్తిగా ప్రీమియం కట్టిన పాలసీ అయితే, కట్టని మొదటి కిస్తీ తేదీ నుంచి ఆరు నెలల్లోపు మనిషి చనిపోయినా పూర్తి బీమా మొత్తం ఇస్తారు. ఐదేళ్లు కట్టి ఉంటే ఆ గడువు ఏడాది. ఆ బాకీ కిస్తీని వడ్డీతో మినహాయించుకుంటారు, అంతే. బావ పదమూడేళ్లకు పైగా కట్టాడు, నవంబర్ దాటి మూడు నెలలే అయింది. రెండోది: పాలసీ మొదలై, లేదా ల్యాప్స్ అయ్యి మళ్లీ పునరుద్ధరించి, మూడేళ్లు దాటితే ఏ కారణం చూపీ దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదని బీమా చట్టం 45వ సెక్షన్‌లో ఉంది, 2015లో సవరించాక. మూడేళ్లలోపు చావులకే విచారణ, ఆస్పత్రి రికార్డులు, డాక్టరు సర్టిఫికెట్లు అంటూ లాగుతారు. మా దానికి ఆ ఫారాలేవీ ఇవ్వమనలేదు.

ఏజెంటు గారికి డెబ్బై దగ్గర పడ్డాయి. కొత్త పాలసీలు చేయించడం మానేసి చాలా కాలమైంది. అయినా నాతో పాటు బ్రాంచికి వచ్చారు. పాలసీ ఏ బ్రాంచిలో నడుస్తోందో ముందే చూసి చెప్పారు కాబట్టి ఎక్కడికో పోయి వెనక్కి రావడం తప్పింది. క్లెయిమ్ ఫారం, డిశ్చార్జ్ ఫారం (డబ్బు ముట్టినట్టు రాసిచ్చేది), డబ్బు ఖాతాలో వేయడానికి ఇంకో ఫారం. డిశ్చార్జ్ ఫారం మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం. ఆ స్టాంపు కోసం పోస్టాఫీసుకు పరుగెత్తాల్సి వస్తుందేమో అనుకుంటే ఏజెంటు గారు చొక్కా జేబులోంచి, చిన్న డైరీ మధ్యలో దాచిన స్టాంపు తీసి ఇచ్చారు. అక్క తెలుగులో సంతకం చేస్తుంది. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి, ఇందులో ఉన్నది ఆమెకు చదివి అర్థమయ్యేలా చెప్పానని వేరే మనిషి కింద సంతకం పెట్టాలి. పెట్టేది నేనే కదా అని గబగబా కలం తీస్తే కౌంటర్‌లో ఉన్నావిడ, ‘ముందు చెప్పండి ఆమెకు, తర్వాత పెడుదురు’ అన్నారు. కోపం రాలేదు, గౌరవం కలిగింది.

డబ్బు వచ్చినప్పుడు లెక్క కాగితం కూడా ఇచ్చారు. నాలాంటివాడికి ముఖ్యం అదే. బీమా మొత్తం ఇంత, చేరిన బోనస్ ఇంత, అందులోంచి లోన్ అసలు, లోన్ వడ్డీ, నవంబర్ కిస్తీ, దాని వడ్డీ, ఒక్కోటి ఒక్కో వరసలో. చేతికి వచ్చింది రెండు లక్షల నలభై వేల పైచిలుకు. వరసలన్నీ నేను మిల్లులో కూర్చుని కూడి చూశాను, సరిపోయింది. విచారణ అవసరం లేని డెత్ క్లెయిమ్‌ను కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో, విచారణ ఉంటే 45 రోజుల్లో తేల్చాలని 2024 సెప్టెంబర్‌లో ఐఆర్‌డీఏఐ, అంటే బీమా కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ, సర్క్యులర్ ఇచ్చింది. మాకు ఆ గడువు లోపలే వచ్చింది. ఈ డబ్బుకు ఆదాయపు పన్ను కూడా లేదు. ఒక మార్కు ఎందుకు పోయిందంటే, ఏజెంటు లేని మనిషి ఆ బ్రాంచికి ఒంటరిగా వెళ్తే ఈ కన్సెషన్ సంగతి ఎవరు చెబుతారు? గోడల మీద కొత్త పాలసీల పోస్టర్లు నిండుగా ఉన్నాయి, క్లెయిమ్ గురించి తెలుగులో ఒక్క కాగితం అంటించి లేదు.

ఇప్పుడు మూడోది. దీన్ని ఎవరూ చెప్పలేదు. ఏఈఓ మేడమ్‌కు తెలియదు, ఏజెంటు గారికి తెలియదు, అక్కకు తెలియదు. పంట రుణం ఎంత ఉందో చూద్దామని బావ సేవింగ్స్ పాస్‌బుక్ తిరగేస్తుంటే దొరికింది. ప్రింటర్ రిబ్బన్ అరిగి అక్షరాలు వెలిసిపోయాయి. ఎరువుల షాపుకు కట్టినవి, ధాన్యం డబ్బులు పడ్డవి, ఏటీఎంలో తీసినవి, వాటి మధ్యలో ప్రతి ఏడాది జూన్ దగ్గర ఒకే రకం వరస. మొదట్లో 330 రూపాయలు, 2022 నుంచి 436. పక్కన ‘పీఎంజేజేబీవై’ అని అక్షరాలు, ‘బీవై’ సగం కనిపించలేదు. రోజంతా ఖాతాలు చూసే వృత్తి కాబట్టి, ఏటా ఒకే నెలలో ఒకే అంకె కట్ అవుతుంటే అదేమిటో తెలిసేదాకా నాకు తోచదు.

ఇదే మొదట్లో చెప్పిన జీవన్ జ్యోతి బీమా, కేంద్రం 2015లో తెచ్చిన పథకం. 18 నుంచి 50 ఏళ్లలోపు బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లు చేరొచ్చు, 55 దాకా కొనసాగుతుంది. జూన్ 1 నుంచి మే 31 దాకా ఒక ఏడాది. ఏ కారణంతో చనిపోయినా రెండు లక్షలు. కొత్తగా చేరినవాళ్లకు మాత్రం మొదటి 30 రోజులు ప్రమాద మరణాలకే వర్తిస్తుంది. మీ ఇంట్లో ఎవరి పాస్‌బుక్‌లోనైనా 436 బదులు 342, 228, 114 అని ఉన్నా ఇదే, ఏడాది మధ్యలో చేరితే మొదటిసారి అంత కడతారు. 20 రూపాయలు ఉంటే అది వేరు, సురక్ష బీమా, ప్రమాదంలో పోతేనే.

బ్రాంచికి వెళ్లి చూపించాను. కౌంటర్‌లో ఉన్నాయన పాస్‌బుక్ చూడకుండానే, ‘ఖాతాదారు చనిపోయాక ఖాతా ఆగిపోతుంది కదండీ, ఇంకేం బీమా’ అన్నారు. మనిషి చనిపోతేనే కదా సార్ బీమా అంటే, ‘అది ఇన్సూరెన్స్ కంపెనీ చూసుకుంటుంది, మాకు సంబంధం లేదు’ అన్నారు. ఏ కంపెనీ అంటే తెలియదు. లోపల ఫీల్డ్ ఆఫీసర్ దగ్గరికి పంపారు. ఆయన బీమా మాట ఎత్తకుండా పంట రుణం ఫైలు తీసి, రైతుబీమా డబ్బులు ఎప్పుడు పడుతున్నాయి, ఏ ఖాతాలో, ఇక్కడి ఖాతా అయితే లోన్‌కు సర్దేసుకోవచ్చు కదా అని మొదలుపెట్టారు. ఏఈఓ మేడమ్ వేరే ఖాతా ఎందుకు అడిగారో అప్పుడు అర్థమైంది.

అసలు సంగతి ఏమిటంటే, ఈ పథకంలో ఖాతాదారు ఒక్కొక్కరికీ వేరే పాలసీ ఉండదు. బ్యాంకు, ఒక బీమా కంపెనీ కలిసి ఒకే మాస్టర్ పాలసీ పెట్టుకుంటాయి, అందులో పాలసీదారు బ్యాంకే. క్లెయిమ్ ఫారం ఇవ్వాల్సింది బ్యాంకుకే, సరిచూసి కంపెనీకి పంపాల్సింది బ్యాంకే. అంటే ‘మాకు సంబంధం లేదు’ అన్న ఆ మాటకు అర్థమే లేదు. ఆ రోజు నాకు దారి చూపింది అటెండర్. టీ గ్లాసులు తీసుకుపోతూ ఆగి, ‘సార్, ఆ ఫారాలు రికార్డు రూమ్ బీరువాలో కింది అరలో ఉంటాయి, పోయినేడు తండా నుంచి ఒకామెకు ఇచ్చారు’ అని చెప్పి, అడగకుండానే ఒకటి తెచ్చి పెట్టాడు. కంపెనీ పేరు ఆ ఫారం మీదే అచ్చయి ఉంది.

ఫారం నింపి ఇచ్చాను. ఊరికే ఇవ్వలేదు. మేనేజర్ పేరున ఒక పేజీ ఉత్తరం రాసి, ఏ తేదీన ఎంత కట్ అయిందో ఆరేడు వరసలు అందులో ఎక్కించి, కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకున్నాను. ముద్ర వేయడానికి కాస్త నసిగారు. ఏ ఆఫీసులోనైనా నోటిమాటకు విలువ లేదు, ముద్ర ఉన్న కాపీకే ఉంది. కొన్నాళ్లు పోయాక, నామినీ పేరు కంప్యూటర్‌లో ఖాళీగా ఉందన్నారు. సేవింగ్స్ ఖాతాకు నామినీగా అక్కే ఉంది, కానీ ఆ నామినేషన్ వేరు, ఈ బీమా నామినేషన్ వేరు. చేరినప్పుడు ఇచ్చిన ఫారంలో ఉండాలి. ఆ ఫారం వాళ్ల దగ్గర దొరకలేదు. పారేసింది వాళ్లు, రుజువు తేవాల్సింది మేము. తహశీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెమ్మన్నారు.

మీసేవలో దరఖాస్తు పెడితే ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) గారు విచారణకు వచ్చారు. ఇరుగుపొరుగువాళ్లను పిలిచి, చనిపోయినాయనకు భార్య ఒక్కతేనా, పిల్లలు ఎందరు, తల్లిదండ్రులు ఉన్నారా అని అడిగి పంచనామా రాసి సంతకాలు తీసుకున్నారు. మా అక్క తలుపు వారగా నిలబడి వింటోంది. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన ఇంటి ముందు, ఆయన భార్య ఈమే అని పక్కింటివాళ్లు సంతకం పెట్టడం చూడాల్సి వచ్చింది. ఆర్ఐ గారి తప్పేమీ లేదు, ఆయన మర్యాదగానే మాట్లాడారు. ఆ ఒక్క ఫారం భద్రంగా ఉంచుకుని ఉంటే ఆమెకు ఈ బాధ తప్పేది.

సర్టిఫికెట్ ఇచ్చాక కూడా ఫైలు బ్రాంచిలోనే పడుకుంది. అప్పుడు ముద్ర ఉన్న కాపీ జోడించి జిల్లా లీడ్ బ్యాంక్ మేనేజర్‌కు రాశాను. ప్రతి జిల్లాకూ ఒకరు ఉంటారు, ఇలాంటి ప్రభుత్వ పథకాలు బ్యాంకుల్లో ఎలా నడుస్తున్నాయో చూడడం ఆయన పనుల్లో ఒకటి. అక్కడి నుంచి ఫోన్ వెళ్లినట్టుంది. అన్నాళ్లూ కదలని కాగితం కదిలింది. కంపెనీకి చేరాక మాత్రం ఏ పేచీ లేకుండా రెండు లక్షలు పడ్డాయి. నేను గమనించింది ఇదే: మూడు చోట్లా డబ్బు ఇచ్చేవాళ్లు ఇవ్వడానికి వెనకాడలేదు. రైతుబీమాకు ఏఈఓ ఉన్నారు, పాలసీకి ఏజెంటు ఉన్నారు, ఇది నా పని అనుకున్నారు. బ్యాంకులో దీన్ని తన పని అనుకునే కుర్చీ ఒక్కటీ లేదు.

ఇలా ఎవరికీ తెలియకుండా ఉండిపోయే బీమా ఇంకొకటి చెప్పాలి. పీఎఫ్ కట్ అయ్యే ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే ఈడీఎల్ఐ కింద ఏడు లక్షల దాకా రావచ్చు. ఉద్యోగి జీతంలోంచి దానికి ఏమీ కట్ కాదు, యజమానే కడతాడు, అందుకే జీతం చీటీలో కనిపించదు. మా మిల్లులో ఒక ఆపరేటర్ పోయినప్పుడు ఇంటివాళ్లు పీఎఫ్ డబ్బు మాత్రం తీసుకుని ఊరుకోబోయారు. 5ఐఎఫ్ అనే ఫారం కూడా పెట్టమని వాళ్ల అబ్బాయికి చెప్పాను.

ఎవరైనా ఇరుక్కుంటే పనికొచ్చేవి. జన సురక్ష పథకాల (జీవన్ జ్యోతి, సురక్ష బీమా లాంటివి) టోల్ ఫ్రీ 1800 180 1111. బీమా కంపెనీ మీదైతే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్, లేదా 155255. కంపెనీకి రాసి నెల దాటినా జవాబు లేకపోతే, లేదా కొట్టేస్తే, బీమా అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, 50 లక్షల దాకా, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. మన రెండు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లోనే. బ్యాంకు మీదైతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్, నంబరు 14448. అక్కడికి కూడా ముందు బ్యాంకుకు రాసి నెల ఆగాకే.

డబ్బులు పడ్డాక మొదలయ్యే ఫోన్ల గురించి కూడా చెప్పి ఆపేస్తా. ఎవడో హిందీ యాసలో తెలుగు మాట్లాడుతూ, బీమా ఆఫీసు నుంచి అని, మీ భర్త పాలసీకి లక్షా ఎనభై వేల బోనస్ ఆగిపోయింది, జీఎస్టీ కింద పన్నెండు వేలు పంపితే విడుదల చేస్తామని అక్కకు చేశాడు. బావ పేరు, ఊరు సరిగ్గానే చెప్పాడట. బోనస్ పంచడం, పాలసీదారులకు ఫోన్ చేసి డబ్బు అడగడం తమ పని కాదని ఐఆర్‌డీఏఐ ఎప్పటినుంచో ప్రకటనలు ఇస్తూనే ఉంది. అక్క ఫోన్ నాకిచ్చింది. పాలసీ నంబరు ఎంత అన్నాను, పెట్టేశాడు. అప్పటినుంచి అక్క తెలియని నంబరు ఎత్తడం లేదు. మొన్న నా ఫోన్ చార్జింగ్ అయిపోయి మిల్లు ల్యాండ్‌లైన్ నుంచి చేస్తే నన్ను కూడా బ్లాక్ చేసింది.